పాతకారు కొనవచ్చునా?



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులను నేను. చిన్ననాట గురువుగారి అరుగుమీద కూర్చుండి పంచకావ్యములును, అన్నంభట్టు తర్కసంగ్రహమును వల్లెవేసినవాడను. ఇట్టివానికి మోటారుకారుతో పనియేమి, దానిని గూర్చి ప్రసంగించు యోగ్యతయేమి అని మీకు తోచినచో అది న్యాయమే. ఇంజనువిద్య నాకు రాదు. కాని 2025 వేసవిలో ఒక పాతకారు కొనవలసిన యవసరము నాకు కలిగినది. అందు మొదట మోసపోతిని, పిమ్మట నేర్చుకొంటిని. ఆ నేర్చుకొన్నది నలుగురికి చెప్పుటకే ఈ ప్రసంగము.

అవసరమెట్టిదో ముందు మనవి చేసెదను. నా ఇల్లాలికి మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమారులు గుంటూరు తీసికొనిపోయి డయాలిసిస్ అను రక్తశుద్ధి చేయింపవలయును. మా గ్రామము తెనాలికి ఆవల నున్నది. రానుపోను 70 కిలోమీటర్లు. పోవునప్పుడు బస్సెక్కగలదు గాని, నాలుగు గంటలసేపు ఆ యంత్రమునకు కట్టుబడి లేచిన పిమ్మట ఆమెకు బస్టాండులో నిలుచు శక్తి యుండదు. బాడుగకారుకు ఒక్క ప్రయాణమునకు 1,800 రూపాయలు. క్రొత్తకారు కొనుటకు నా పింఛను చాలదు. కుమారుని అడుగుటకు మనసొప్పలేదు. కావున చౌకగా దొరకునట్టి, బహుదూరము తిరిగినట్టి పాతకారును కొందమా వలదా యను విచారము వచ్చినది.

ఇక్కడ ఒక మాటను గూర్చి చెప్పవలయును. మన యూళ్ళలో 'మైలేజి' యన్న మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. లీటరు పెట్రోలుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడచునో దానిని మైలేజి యందురు. మనలో నెక్కువమంది యెఱిగినది ఈ యర్థమే. బండి పుట్టినది మొదలు నేటివఱకు తిరిగిన మొత్తము దూరమును గూడ కొందఱు మైలేజి యనియే యందురు. అమ్మువాడు 'మైలేజి బాగున్నదండి' అన్నప్పుడు ఈ రెంటిలో దేనిని గూర్చి చెప్పుచున్నాడో అడిగి తెలిసికొనుడు. తిరిగిన దూరమును షెడ్లలో 'రీడింగు' అందురు. నేనును ఆ మాటనే వాడెదను.

ఏ కారు కొనవలయునన్నది రెండవ ప్రశ్న. అసలు కొనవలయునా యన్నది మొదటిది. మొదటిదానిని దాటి రెండవదానికి ఉఱుకువారు పెక్కుమంది. నేను కాగితము తీసికొని లెక్క వ్రాసితిని. మీరును మీ యంకెలతో ఇట్లే వ్రాసికొనవచ్చును.

కారు ధర 1,40,000 రూపాయలు. కొన్న వెంటనే చేయింపవలసిన మరమ్మతులకు 38,000. వెరసి 1,78,000. నాలుగేండ్లు వాడి 50,000 రూపాయలకు అమ్ముకొందుననుకొన్నచో మన చేతినుండి పోవునది 1,28,000. అనగా ఏటికి 32,000. బీమాకు ఏటికి 4,000. నూనె మార్పులకు, అఱిగిన సామానునకు, చిల్లర మరమ్మతులకు ఏటికి 25,000. ఈ మూడును కలిపి 61,000. బండి ఎక్కువ కదలినను తక్కువ కదలినను స్థూలముగా ఇది తప్పని వ్యయము.

ఇక ప్రయాణవ్యయము. లీటరుకు 17 కిలోమీటర్ల చొప్పున 70 కిలోమీటర్లకు నాలుగు లీటర్లకు కొంచెము పైగా పట్టును. లీటరు 110 రూపాయలుగా వేసినచో రమారమి 450. నడుపు చిన్నవానికి దినకూలి 500. మొత్తము 950. బాడుగకారుకు 1,800 గదా! కావున ఒక్కొక్క ప్రయాణమునకు 850 మిగులును. 61,000ను 850 చేత భాగించిన ఇంచుమించు 72 వచ్చును. అనగా ఏటికి 72 ప్రయాణములకు తక్కువైనచో బాడుగకారే మేలు. అంతకు మించినచో సొంతకారు మేలు. మాకు ఏటికి 104 ప్రయాణములు. కాబట్టి సంవత్సరమునకు 27,400 రూపాయలు మిగులును.

ఈ యంకె చదివి వినిపింపగా నా ఇల్లాలు, "ఇంతేనా అండీ! దీనికా రెండు రోజులు లెక్కలు కట్టారు?" అని నవ్వినది. నిజమే, మిగులు గొప్పది కాదు. ఐనను ఆ కాగితమున వ్రాయనిది యొకటి యున్నది. అర్ధరాత్రి ఆమెకు ఆయాసము వచ్చి, బాడుగకారువానికి ఫోను చేసినను పలుకని రాత్రులు రెండు మాకు గడచినవి. సొమ్మునకు లెక్క కలదు. ఆ రాత్రులకు లెక్క లేదు. అందువలన కొనుటకే నిశ్చయించితిమి. కాని పెండ్లిండ్లకును తిరునాళ్ళకును నెలకొకమాఱు పోవు గృహస్థునకు ఏటికి పండ్రెండు ప్రయాణములే. అతడు సొంతకారు కొనుట పేడకొఱకు గేదెను మేపుట వంటిది. పొరుగువాని వాకిట కారున్నదని మన వాకిటను కట్టివేయనక్కఱలేదు.

లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి యనగానే మనవారు వెఱతురు. తిరిగిన దూరము దానంతట అది రోగము కాదు. ఇంజనులో అఱుగుదల యెక్కువగా జరుగునది చల్లబడియున్న యంత్రమును ప్రారంభించునప్పుడు. రాత్రియంతయు నిలిచియున్న బండిలో నూనె దిగువ తొట్టిలోనికి జాఱియుండును. తొలిక్షణములలో లోహమును లోహము ఒఱయును. వేడెక్కి సమవేగమున పోవుచున్నప్పుడు నూనెపొర నడుమ నిలిచి కాపాడును. కావున రహదారిమీద దినమునకు నూఱు కిలోమీటర్లు సాగి లక్షన్నర పూర్తిచేసిన కారు కంటె, పట్టణపు సందులలో దినమునకు నాలుగుమార్లు రెండేసి కిలోమీటర్లు తిరిగి అఱువదివేలు చేసిన కారే యెక్కువ నలిగియుండవచ్చును. దాని క్లచ్చి, బ్రేకులు మఱియు ముందుగా పోవును.

ఊరక నిలిపిన బండియు చెడును. పని లేక కొట్టములో కట్టివేసిన యెద్దును ఒక్కసారి కాడికి కట్టిన ఏమగునో మీరెఱుగుదురు. నిలిచిన కారులో రబ్బరుగొట్టములు బీటలువాఱును, టైర్లు గట్టిపడును, బ్యాటరీ చచ్చును, ట్యాంకులోని పెట్రోలు పాతబడును. సామాన్యగృహస్థుని కారు ఏటికి స్థూలముగా 10,000 నుండి 12,000 కిలోమీటర్లు తిరుగును. పండ్రెండేండ్ల బండి ఇరువదివేలే తిరిగినదని చెప్పినచో సంతోషింపక, ఏల తిరుగలేదని అడుగుడు. నిలిచియుండినదో, లేక అంకె మార్చబడినదో తేలవలయును.

అయినను దూరమువలన తప్పక అఱుగునవి కొన్ని కలవు. క్లచ్చిపలక, చక్రముల బేరింగులు, సస్పెన్షనులోని రబ్బరుబుష్షులు, షాకబ్సార్బర్లు ఇట్టివి. కొన్ని యింజనులలో టైమింగు బెల్టను రబ్బరుపట్టీ యుండును. తయారుచేసినవారు చెప్పిన దూరమునకు దానిని మార్చితీరవలయును. అది తెగినచో పెక్కు ఇంజనులలో కవాటములును పిస్టనులును ఢీకొని యింజనే నాశమగును. మఱికొన్నింటిలో పట్టీకి బదులు గొలుసుండును. అది దీర్ఘకాలము మన్నును గాని వదులైనచో గలగల చప్పుడు చేయును. కొనబోవు కారులో ఏదున్నదో, పట్టీయైనచో ఎప్పుడు మార్చిరో అడుగుడు. రసీదు చూపనిచో మార్చలేదనియే యెంచుకొనుడు.

డీసిలు కారు బహుదూరము తిరుగువారికి లాభకరము. కాని పాతబడిన పిమ్మట దాని ఇంజెక్టర్లు, టర్బో మొదలగువానికి మరమ్మతు వచ్చినచో చౌకగా కొన్న మిగులంతయు ఒక్కమారుగా పోవును. 2020 ఏప్రిల్ తరువాతి డీసిలు కార్లలో పొగమసిని పట్టు వడపోతయు నుండును; కొలదిదూరములు మాత్రమే తిరిగినచో అది మూసుకొనును. మా పనికి పెట్రోలు కారే తగునని నిశ్చయించితిమి. పల్లెవారు గమనింపవలసిన దింకొకటి కలదు. మండల కేంద్రములోని షెడ్డులో సామాను దొరకు బండినే కొనవలయును. మారుతి ఆల్టో, వేగనార్ వంటివాని సామాను ఎల్లెడల దొరకును. ఘనమైన పేరుగల పెద్దకారు పాతబడి చౌకకు వచ్చినను దాని సామాను చౌకకు రాదు.

ఇక పరీక్ష. తర్కశాస్త్రమున ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. గురువుగారు వీనిని చెప్పిన నాడు ఇవి పాతకారునకు పనికివచ్చునని నేనెఱుగను. ఇందు శబ్దమనగా ఆప్తుని మాట. ఆప్తుడనగా ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు. నేను చేసిన మొదటితప్పు, ఆప్తుడు కానివాని మాటను శబ్దప్రమాణముగా గ్రహించుట.

ఒక పట్టణములో పాతకార్లు అమ్ము స్థలమునకు పోతిని. పేరు చెప్పను. తెల్లని కారు, 2015 నాటిది, అద్దమువలె మెఱయుచున్నది. రీడింగు 48,000. ధర 1,65,000. అమ్మువాడు నన్ను 'మాస్టారూ' అని సంబోధించి కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించెను. ఒక వైద్యుడు వాడిన బండి యనియు, రేపటికి ఉండదనియు చెప్పెను. నేను పదివేలు బయానా ఇచ్చితిని. మఱునాడు నా పూర్వశిష్యుడొకనిని, మా దగ్గఱ ఊరిలో షెడ్డు పెట్టుకొన్నవానిని, వెంటబెట్టుకొని పోతిని. మెకానిక్కును ముందు తీసికొనిపోయి బయానా తరువాత ఇయ్యవలసినది. నేను తలక్రిందుగా చేసితిని. నీళ్ళలో నున్న గేదెను బేరమాడుట యన్న సామెతను ఎన్ని తరగతులకు బోధించితినో!

నా శిష్యుడు తళతళలను చూడనేలేదు. "మాస్టారూ, రీడింగు చూడకండి, కాళ్ళు పెట్టే చోటు చూడండి" అన్నాడు. క్లచ్చి పెడలుమీది రబ్బరు గీతలన్నియు అఱిగి నున్నబడియుండెను. స్టీరింగుచక్రము చేయి పట్టుచోట జిగురుదేఱి మెఱయుచుండెను. డ్రైవరు కూర్చుండు సీటు అంచు క్రుంగియుండెను. సంతలో ఎద్దు వయస్సును పండ్లు చూచి చెప్పుదుము. కారునకు పెడలే పన్ను. అంకెను మార్చుట కంటె అఱిగిన రబ్బరును మఱపించుట కష్టము. క్రొత్త రబ్బరు వేసియున్నను అనుమానింపవలసినదే.

పిదప సీటు బెల్టును చివరివఱకు బయటికి లాగెను. లోపల చుట్టుకొనియున్న భాగమున మట్టిచాఱ యొకటి అడ్డముగా కనబడెను. సీటు బిగించిన బోల్టులు తుప్పుపట్టినవి. నేలమీది తివాచీ యంచు ఎత్తగా సన్నని ఒండ్రు కనబడెను. బండి వఱదలో మునిగినదని తేలినది. 2015లో చెన్నైలోను, 2020లో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలోను ఎన్నో కార్లు నీట మునిగినవి. మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, అత్తరు చల్లి దూరపుటూళ్ళలో అమ్మువారు కలరు. ఇంజను నడచినను లోపలి విద్యుత్తుతీగలు నెలలతరబడి తుప్పుపట్టుచునే యుండును. నడిరాత్రి దీపములు ఆఱిపోయిన కారులో రోగిని కూర్చుండబెట్టుకొని యేమి చేయుదుము?

తుదకు డ్రైవరు తలుపు తెఱచి, కంబముమీద సగము గోకివేసిన చిన్నచీటీని చూపెను. నూనె మార్చిన షెడ్డువారు అంటించు చీటీ యది. తరువాతి మార్పు ఎంత రీడింగుకో అందు వ్రాయుదురు. గోకగా మిగిలిన యంకెలు 1,20,000. నలువదియెనిమిది వేలు తిరిగిన బండికి లక్షయిరువదివేల చీటీ యెట్లు వచ్చినదని అడుగగా మజ్జిగ తెప్పించినవాడు ఫోను వచ్చినదని లోపలికి పోయెను. నా పదివేలు తిరిగి రాలేదు. రసీదు అడుగున 'బయానా తిరిగి ఇయ్యబడదు' అని చిన్నయక్షరములతో అచ్చువేసియుండెను. పిల్లల కాపీపుస్తకములలో వదలిపెట్టిన అఱసున్నలను వెదకి వెదకి దిద్దిన పంతులను, ఆ పంక్తిని చదువకయే సంతకము చేసితిని.

ఆ పదివేలకు నేను నేర్చుకొన్న పరీక్షలివి. పగటివెలుతురున, వాననీరు లేని దినమున కారును చూడవలయును. తడిసిన రంగులో లోపము దాగును. ఇంజను చల్లగా నుండునప్పుడు పోవలయును. ముందే వేడిచేసి యుంచినచో ఆ దినమునకు మరలివచ్చి మఱునాడు పొమ్ము. నూనెమూత విప్పి అడుగుభాగమున మీగడవంటి తెల్లని జిగురున్నదేమో చూడుడు. ఉన్నచో నూనెలో నీరు కలియుచున్నదేమో యని మెకానిక్కుచేత చూపించి గాని ముందుకు పోరాదు. తలుపులకును బాడీకిని నడుమ సందులు ఇరుప్రక్కల సమముగా నున్నవా, రంగు అన్నిచోట్ల ఒక్కటేనా, వెనుక స్పేరుటైరు క్రింది రేకు ముడుతపడినదా యని చూచినచో ప్రమాదమున తగిలిన దెబ్బలు బయటపడును. టైరుప్రక్క నాలుగంకెలు ముద్రించియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. అఱుగకున్నను ఏండ్లు గడచిన టైరు నమ్మదగినది కాదు.

అనుమానప్రమాణమునకు కొండమీది పొగను చూచి నిప్పున్నదని యూహించుట ప్రసిద్ధమైన యుదాహరణము. కారుపొగలో రంగును గూడ చూడవలెను. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. పిస్టను రింగులో, కవాటముల సీళ్ళో అఱిగినవి. నల్లపొగ వచ్చినచో ఇంధనము పూర్తిగా కాలుటలేదు. తెల్లపొగ తొలినిమిషములలో వచ్చి పోయినచో అది ఆవిరియే. వేడెక్కిన పిమ్మటను దట్టముగా వచ్చుచున్నచో చల్లార్చు నీరు సిలిండరులోనికి దిగుచున్నదని భయపడవలయును. నీలిపొగకును ఎడతెగని తెల్లపొగకును మందు ఇంజను విప్పుటయే. చౌకకారునకు అది దాని ధరలో సగము తినివేయును.

తరువాత స్వయముగా నడిపించుకొని, ఏడెనిమిది కిలోమీటర్లయినను తిరుగవలయును. మిట్ట యెక్కునప్పుడు ఇంజను చప్పుడు హెచ్చి వేగము హెచ్చకున్నచో క్లచ్చి జాఱుచున్నది. సమమైన బాటలో బ్రేకు వేసినపుడు బండి ఒకప్రక్కకు లాగరాదు. గతుకులలో అడుగున టకటక ధ్వని వచ్చినచో బుష్షులు పోయినవి. ఇవి మరమ్మతుకు లొంగునవే. వానిని చూచి పాఱిపోవక ధర తగ్గించుటకు వాడుకొనుడు. పాఱిపోవలసినవి నాలుగు: నీట మునిగినది, అంకె మార్చినది, ఇంజను నూనె కాల్చునది, కాగితములు సరిలేనిది.

ఉపమానమునకు శాస్త్రమున అర్థము కొంత వేఱు. నేను పోల్చుటయను లోకవ్యవహారపు టర్థమున చెప్పుచున్నాను. అదే సంవత్సరపు, అదే జాతి కార్లను మూడింటినైన చూడక ధర చెప్పరాదు. ఒక్కదానిని చూచినవానికి అది బంగారమువలె తోచును. మూడు చూచినవానికి రాగి యేదో, యిత్తడి యేదో తెలియును.

కాగితముల పరీక్ష శబ్దప్రమాణము క్రిందికి వచ్చును. ఇందు మన పెద్దలు యంత్రపరీక్షలో కంటె సమర్థులు. పట్టాలు, దస్తావేజులు చూచిన కన్నులు మనవి. ఆర్.సి. యందలి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిమీద చెక్కిన నంబరులతో అక్షరమక్షరము సరిపోవలెను. అప్పుమీద కొన్నదైనచో ఫైనాన్సువారి పేరు ఆర్.సి.లో నుండును, అప్పు తీఱినదని వారిచ్చు పత్రముతో, 35వ ఫారముతో ఆ పేరును తొలగింపవలయును. పరరాష్ట్రపు బండియైనచో అక్కడి కార్యాలయపు ఎన్.ఓ.సి. 28వ ఫారముమీద రావలయును. కట్టని చలానులు ఉన్నవేమో చూడవలయును. బండి నంబరును బట్టి ప్రభుత్వమువారి ఎంపరివాహన్ యాప్‌లో వీనిలో పెక్కు తెలియును. ఇంట పిల్లలచేత చూపించుకొనుడు. పూర్వము టాక్సీగా తిరిగి పసుపుపలక తీసి తెల్లపలక వేసిన బండియేమో గూడ విచారింపుడు.

సొంతకారు రిజిస్ట్రేషను తొలుత 15 ఏండ్లకు చెల్లును. పిమ్మట పరీక్ష చేయించి ఐదేసియేండ్లకు పొడిగించుకొనవలయును. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000 రూపాయలకు హెచ్చినది. చౌకగా వచ్చు కార్లలో అనేకము ఈ గడువు దగ్గఱపడినవే. గడువునకు ఎన్నేండ్లున్నవో ధరతోబాటు చూడుడు.

అన్నింటికంటె ముఖ్యము పేరుమార్పు. అమ్మినవాడును కొన్నవాడును 29, 30 ఫారములమీద సంతకములు చేయుదురు. ఒకే రాష్ట్రములో నైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణాధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారువాహనముల చట్టము చెప్పుచున్నది. బీమాను తన పేరిటికి మార్చుకొనుటకు కొన్నవాడు 14 దినములలో దరఖాస్తు చేయవలయును. మన పల్లెలలో సంతకము చేసిన కాగితములు బీరువాలో పెట్టుకొని ఏండ్లు గడుపుదురు. ఇది అమ్మినవానికే యెక్కువ ప్రమాదము. బండి ఎందఱి చేతులు మాఱినను, పుస్తకములో పేరున్నవాడే ప్రమాదమునకు బాధ్యుడని 2018లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. పాతబండి అమ్మినవారు మీలో నున్నచో ఈ దినముననే పేరు మాఱినదా యని చూచుకొనుడు.

మా రెండవ కారు ఇట్లు దొరకినది. 2014 నాటి చిన్న పెట్రోలు కారు. రీడింగు 1,38,000. ఉద్యోగవిరమణ చేసిన యొక గృహస్థుడు మొదటినుండి తానే వాడెను. ప్రతి నూనెమార్పునకు రసీదును దారముతో కుట్టి యుంచెను. పదునొకండేండ్ల రసీదులలో రీడింగు మెట్టుమెట్టుగా ఎక్కుచు వచ్చినది. రంగు వెలసినది, ముందు బంపరుమీద గీతలున్నవి. మొదటి కారు ప్రక్కన నిలిపినచో దీనిని ఎవ్వరును చూడరు. ఆయన 1,60,000 అడిగెను. నా శిష్యుడు వ్రాసిన మరమ్మతుల పట్టికను ఆయన ముందుంచితిమి: నాలుగు టైర్లు 16,000, క్లచ్చి 9,000, సస్పెన్షను 7,000, బ్యాటరీ 4,000, నూనె మున్నగునవి 2,000, మొత్తము 38,000. ఆయన చదివి, "టైర్ల మాట నిజమే, క్లచ్చి సంగతి నాకు తెలియదు సుమండీ" అని 1,40,000కు ఒప్పుకొనెను. పట్టిక లేక బేరమాడినచో అది గీచులాట. పట్టికతో ఆడినచో అది లెక్క.

దీనినిబట్టి ఒక నియమము చెప్పుదును. చేత నున్న సొమ్మంతయు కారు ధరకే పెట్టరాదు. నాలుగింట ఒక పాలు మరమ్మతులకు విడిగా ఉంచుకొని, మిగిలినదానికి సరిపడు కారునే వెదకవలయును. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయరాదు గదా!

పాతకారునందు కొన్ని కొఱతలను తెలిసియే అంగీకరింపవలయును. క్రొత్తకార్లలో డ్రైవరువైపు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి తప్పనిసరి యైనది. అంతకు ముందటి చౌకకార్లలో పెక్కింట అది లేదు; మాదానిలోను లేదు. కావున బెల్టు లేక బండి కదలరాదని, అఱువది కిలోమీటర్ల వేగము మించరాదని మా చిన్నవానికి కట్టడి చేసితిమి. పెట్రోలులో ఇప్పుడు 20 శాతము ఇథనాలు కలిసి వచ్చుచున్నది. 2023కు పూర్వపు కార్లలో అనేకము దీనికై నిర్మింపబడినవి కావు. లీటరునకు దూరము కొంత తగ్గును. ఇంధనము పాఱు పాతరబ్బరు గొట్టములను, సీళ్ళను అప్పుడప్పుడు చూపించుకొనవలయును.

గొట్టములనగా ఒకటి చెప్పక తప్పదు. మా శిష్యుడు కొన్ననాడే, "రేడియేటరు గొట్టాలు కూడా మార్చేద్దాం మాస్టారూ, పన్నెండు వందలు" అన్నాడు. అప్పటికే 38,000 అయినదని నేను వాయిదా వేసితిని. 2025 అక్టోబరులో ఒక మధ్యాహ్నము, గుంటూరునుండి తిరిగివచ్చుచుండగా వేడిముల్లు ఎఱ్ఱగీత దాకెను. చిన్నవాడు వెంటనే బండి ఆపి ఇంజను కట్టివేసెను గనుక ఇంజను దక్కినది. పై గొట్టము పగిలి నీరంతయు పోయినది. బాడుగకారు వచ్చుటకు గంట పట్టెను. నా ఇల్లాలు వెనుకసీటులో పండుకొని యుండెను. నేను తువ్వాలుతో విసరుచు నిలుచుంటిని. ఆమె కన్నులు తెఱచి, "చెట్టునీడ దొరికింది కదండీ, అదే పదివేలు" అన్నది. ఆమె నన్ను ఓదార్చుటకే అన్నది గాని, ఆ మాట నాకు బయానా పదివేల కంటె బరువుగా తోచినది. మఱునాడు గొట్టములన్నియు మార్పించితిని. బాడుగకారువాని నంబరును కారులోనే వ్రాసి అంటించితిని. సొంతకారున్నను అది యుండవలసినదే.

ఆ తరువాత బండి మమ్ము దారిలో దింపలేదు. కావున అయ్యలారా, పాతకారు కొనవచ్చునా యని అడిగినచో నా యుత్తరమిది. ఏటికి డెబ్బదికి మించిన ప్రయాణములు నిజముగా నున్నవారు, మరమ్మతులకు వేఱుగ సొమ్ము గలవారు, నమ్మకమైన మెకానిక్కు దాపున నున్నవారు కొనవచ్చును. ఈ మూటిలో ఒకటి లేకున్నను బాడుగకారే మేలు. కొనునెడల తళుకును గాక రసీదులను, అంకెను గాక పెడలును చూచి కొనుడు. బయానా ఇచ్చుటకు ముందు రసీదు అడుగుపంక్తిని చదువుడు.